కుక్కపిల్లను తెచ్చిన నాడే గొలుసు వెయ్యకండి



చలికాలం వచ్చిందంటే మన ఊర్లల్ల ఏ గడ్డివాము సాటుకు చూసినా కుక్కపిల్లలే. ఈ పది రోజుల్ల నన్ను నలుగురు అడిగిండ్రు, "అన్నా, బాయి కాడికి ఒక పిల్ల ఉంటే చూడు, మక్కలకు కోతులు ఆగుతలేవు" అని. మా నర్సంపేట దిక్కు కోతుల బాధ నేను కొత్తగా చెప్పేదేం లేదు. పొద్దంతా మనిషి కాపలా ఉంటే కూలి గిట్టదు, లేకుంటే పంట దక్కదు. కాబట్టి కుక్క కావాలె. దాంట్ల తప్పేం లేదు.

తప్పు ఎక్కడ జరుగుతదంటే, తెచ్చిన నాడే మెడకు గొలుసు వేసి మోటరు కాడ కట్టేస్తం. "మనుషులకు అలవాటు కావొద్దు, అప్పుడే గట్టిగ మొరుగుతది" అని పెద్దలు చెప్తరు. నేను కూడ అదే నమ్మిన. నమ్మి ఏం పోగొట్టుకున్ననో చెప్త, తర్వాత మీ ఇష్టం.

ఇంతకు ముందు నా దగ్గర టైగర్ అని ఒకటుండె. నెల రోజుల పిల్లగ ఉన్నప్పుడే తెచ్చిన. అప్పటి నుంచి కొట్టం కాడ గొలుసే. నేను, మా నాన్న తప్ప మూడో మనిషి దాన్ని ముట్టింది లేదు. ఏడాది తిరిగేసరికి భయంకరంగ తయారైంది. దారిన పోయేటోళ్లు భయపడుతుంటే నాకు లోపల సంబురంగ ఉండేది, నిజం చెప్పాలె కదా. ఒకనాడు పత్తి ఏరేటప్పుడు గొలుసు కొక్కెం ఊడింది. సద్ది తినడానికి చెట్టు కిందికి వస్తున్న ఆడోళ్ల మీదికి పోయింది. వరుసకు నాకు వదినయ్యే ఆమె చెయ్యి పట్టింది, పిక్క పట్టింది. ఆస్పత్రి, సూదులు, ఆమెకు పని పోవుడు, నేను పైసలు కట్టుడు, అదంతా ఒక ఎత్తు. ఆ గుంపు మళ్ల నా చేనుకు రాలేదు. వేరే గుంపు దొరికేసరికి పదిహేను రోజులైంది, ఆ నడుమ వాన పడ్డది, పగిలిన పత్తి నల్లబడ్డది. ఇంకో మాట. అంత కోపం ఉన్న టైగర్ కోతులను ఆపిందా అంటే, ఆపలేదు. గొలుసు ఎంత పొడుగుందో కోతులకు మనకంటె బాగ తెలుసు. దానికి రెండు గజాల దూరంల కూసొని మక్క కంకి ఒలుచుకొని తినేటివి.

తప్పు టైగర్‌ది కాదు. అది పిల్లగ ఉన్నప్పుడు నేను దానికి లోకాన్ని చూపించలేదు.

మామునూరు పశువైద్య కళాశాలల చదివే మా బంధువుల పిలగాడు ఒకసారి ఇంటికొచ్చినప్పుడు చెప్పిండు. కుక్కపిల్లకు మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా ఒక కాలం ఉంటదట. ఆ కాలంల ఏది చూస్తే, ఏది వింటే, ఏది వాసన పడితే అది తనదే అనుకుంటది. ఆ తలుపు మూసుకున్నంక కొత్తది ఏదొచ్చినా ముందుగాల భయం, ఆ భయంల నుంచే కాటు. అమెరికాల ఇది పరీక్ష చేసి 1961ల అచ్చేసిండ్రు. ఎకరం జాగ చుట్టు ఎత్తైన కంచె కట్టి, లోపల పిల్లలను తల్లితోటి మనుషులకు దూరంగ పెంచిండ్రు. నడుమల ఒక్క వారం మనుషుల చేతుల పెరిగిన పిల్లలు మచ్చికైనయి. 14 వారాల దాకా మనిషినే చూడని పిల్లలు అడివి జంతువు లెక్క తయారైనయి, తర్వాత ఎంత చేసినా సక్కగ దగ్గరికి రాలేదు.

అమెరికా దాక ఎందుకు, మన గొల్లకుర్మోళ్ల మందను చూడండి. మందల పుట్టి, గొర్ల నడుమ పెరిగిన కుక్క గొర్రెపిల్లను ముట్టదు. అదే, పెద్దయినంక బయటి నుంచి తెచ్చిన కుక్కను మందల ఇడిచి చూడండి, తెల్లారేసరికి పంచాయితి మీ ఇంటి ముందుంటది. వాళ్లు ఏ పుస్తకం సదవలేదు, తాతల నుంచి చూస్తున్నరు.

"మరి మనుషులకు అలవాటైతే దొంగొస్తె తోక ఊపదా?" అని అడుగుతరు. ఊపదు. ఊరోళ్లెవరో, రోజూ వచ్చేటోళ్లెవరో తెలిసిన కుక్కకే తెలియనోడు ఎవడో తెలుస్తది. కాపలా బుద్ధి పెద్దయిన కొద్దీ దానంతట అదే వస్తది, మనం నేర్పేది కాదు. ఏదీ తెలియని కుక్క ఆకు రాలినా మొరుగుతది, లైన్‌మన్ వచ్చినా మొరుగుతది, పక్క చేను ముసలాయన దగ్గినా మొరుగుతది. రాత్రికి పదిసార్లు ఊకెనే మొరిగితే పదకొండోసారి మీరు మంచం దిగుతరా? ఆ పదకొండోసారే అడివి పందులు మక్కల పడతయి.

ఈసారి నేను చిన్నోణ్ణి తెచ్చిన. యాభై రోజులు నిండేదాకా తల్లి కాడనే ఉంచిన. తోటి పిల్లలతోటి కొట్లాడి, గట్టిగ కొరికితే అవతలిది కుయ్యిమంటది, ఆట ఆగుతది, అట్ల కాటుకు హద్దు నేర్చుకుంటది. నెలకే తల్లిని ఇడిపిస్తే ఆ బడి పోయినట్టే. యాభై రోజులకు తెచ్చుకుంటే ఆ తలుపు మూసుకునే లోపు మన చేతుల ఉండేది ఆరేడు వారాలే. ఒక్క పంటకు మందు కొట్టే లెక్కంత కూడ కాదు.

ఇప్పుడు వాడికి పది వారాలు. రోజూ ఏదో ఒక్క కొత్తది చూపిస్త. ఒకనాడు బర్రెలను, ఒకనాడు కోళ్లను. కోళ్ల కాడ మాత్రం మెడకు మెత్తటి తాడు నా చేతులనే ఉంటది, ఒక్కసారి ఉరికిచ్చే రుచి మరిగితే మళ్ల ఆపుడు కష్టం. ట్రాక్టర్‌ను మొదట బందు పెట్టి వాసన చూడనిచ్చిన, తర్వాత దూరంల స్టార్ట్ చేయించి జొన్న రొట్టె ముక్క పెట్టిన. తైవాన్ పంపు చప్పుడు, డప్పు చప్పుడు కూడ అట్లనే, దూరం నుంచి దగ్గరికి. హెల్మెట్ పెట్టుకున్నోడు, కట్టె పట్టుకున్న తాత, తల మీద గంప ఉన్న అవ్వ, కుక్క కండ్లకు వీళ్లంతా వేరు వేరు జాతులే. బడి పిల్లలను ఒక్కొక్కరినే కూసోబెట్టి దగ్గరికి రానిస్తున్న. తోక గుంజుడు, చెవులు పట్టి లేపుడు బందు. "ఛూ" అని ఉసికొల్పుడు అసలే బందు. అది పెద్దోళ్లే ఎక్కువ చేస్తరు, సిగ్గులేకుండ.

ముఖ్యంగ, వాడు ఎనుకకు జరిగితే నేను ముందుకు నూకను. "భయం పోవాలె" అని పిల్లను మెడ పట్టి తీస్కపోయి బర్రె ముందు పడేస్తే భయం పోదు, కూసుంటది. వాడే దగ్గరికి రావాలె. వచ్చినప్పుడు ముక్క పెట్టాలె. పది నిమిషాలు చాలు, తర్వాత పండుకోనియ్యాలె.

"టీకాలు కాకుండ బయట తిప్పితే పార్వో వస్తది కదా" అంటరు. కరెక్టే. రక్తం ఇరేచనాలు పట్టి రెండు మూడు రోజుల్లనే పోయిన పిల్లలను మీరు చూసే ఉంటరు. అందుకే ఊరి కుక్కలు తిరిగే చోట, పెంట కాడ వాణ్ణి దింపను. సంకల ఎత్తుకొని తిప్పుత. ఆరు, ఎనిమిది వారాల నడుమ మొదటి టీకా, మూడు నాలుగు వారాలకొకటి మళ్ల, నట్టల మందు పదిహేను రోజులకోసారి. మూడు నెలలు నిండంగనే రేబిస్ టీకా, ఏడాదికి మళ్ల. జులై 6న జూనోసిస్ దినం అని పశువుల దవాఖానల రేబిస్ టీకా ఉచితంగ వేస్తుంటరు, ఆ తారీకు రాసిపెట్టుకోండి. కాని మూడు నెలలు నిండిన పిల్లను అప్పటిదాక ఆపకండి.

పిల్లనే కదా అని దాని పన్ను గీతను మాత్రం తేలికగ తీసుకోకండి. చిన్న పిల్లకు కూడ రేబిస్ ఉండొచ్చు. గాయం పడితే సబ్బు, నీళ్లతోటి పదిహేను నిమిషాలు కడగాలె, పసుపు, కారం, సున్నం పెట్టొద్దు, అదే రోజు సర్కారు దవాఖానకు పోయి చెప్పిన తేదీలన్నిటికి సూదులు వేయించుకోవాలె. ఆ రోగం లక్షణాలు బయటపడ్డంక మనిషి బతుకుడు లేదనే అనుకోవాలె.

2023 మేల కాజీపేటల వీధి కుక్కలు పడి ఒక పసివాడు పోయిన సంగతి మీకు యాదికి ఉంటది. వీధి కుక్కల సంగతి మున్సిపాలిటీని, పంచాయతీని అడగాల్సిందే, అడుగుదాం. కాని అండ్ల మన వాటా కూడ ఉన్నది. ఆడపిల్ల అని సంచిల వేసుకొని మార్కెట్ అంచున ఇడిసొచ్చేది ఎవరు? ఆడ కుక్క కాపలాకు ఏం తక్కువ కాదు. పిల్లలు వద్దనుకుంటే ఆపరేషన్ చేయించొచ్చు.

మొన్న పత్తి ఆఖరి ఏరుడుకు వదిన వచ్చింది, ఇన్నేండ్లకు. కొట్టం దిక్కు చూసి దూరంలనే ఆగింది. "కుక్క ఉన్నదా మరిదీ?" అన్నది. ఉన్నది వదినా అని చిన్నోణ్ణి ఎత్తుకొని చూపించిన. ఏం మాట్లాడలే. సద్ది తినేటప్పుడు మాత్రం చెట్టు కింది నుంచే రొట్టె ముక్క ఒకటి ఇసిరింది. వాడు ఉరికి తిని, ఆమెకు నాలుగడుగుల దూరంల కూసున్నడు. ఆమె ఇంక ముట్టలేదు. రేపు కూడ వస్తనన్నది.