మోకాలి నొప్పి మోకాలిలోనే పుట్టదు

బి అండ్ సి మిల్లు 1996లో మూతపడింది. అందులో రెండు మూడు దశాబ్దాలు నిలబడి పనిచేసినవాళ్ళు వ్యాసర్పాడిలో ఈనాటికీ మోకాళ్ళు పట్టుకుని నడుస్తున్నారు. వేరే మిల్లుల్లో సైడు చూసే నేటి కార్మికులకు నలభై దాటకముందే అదే నొప్పి మొదలవుతోంది. డిస్పెన్సరీకి వెళితే మాత్ర, మేస్త్రీని అడిగితే "వయసు" అనే జవాబు. ఈ జవాబును మనం ఒప్పుకోనక్కరలేదు.

కార్మిక సోదరులారా, సోదరీమణులారా! నడకలో ఒక కాలు ఎత్తిన ప్రతిసారీ ఒంటి బరువంతా రెండో కాలి మీద పడుతుంది. ఆ క్షణంలో కటిని, అంటే లుంగీ ముడి దగ్గర రెండు పక్కలా చేతికి తగిలే ఎముకల గూటిని, వాలిపోకుండా పట్టేది తుంటి పక్కనున్న కండరం. ఇది తక్కెడ లెక్క. ఒంటి బరువు పొడుగు చేతి వైపు, కండరం పొట్టి చేతి వైపు ఉంటాయి. అందుకే కండరం ఒంటి బరువును మించిన బలంతో లాగాలి. రెండూ కలిసి తుంటి కీలు మీద పడే భారం ఒంటి బరువుకు రెండున్నర, మూడు రెట్లు.

ఆ కండరం అలిసిపోతే ఎత్తిన కాలి వైపు కటి కిందికి జారుతుంది. నేల మీదున్న కాలి తొడ లోపలికి తిరుగుతుంది, మోకాలు రెండో మోకాలి వైపు ఒరుగుతుంది, మోకాలి చిప్ప తన గాడిలోంచి పక్కకు లాగబడుతుంది. మోకాలు ముఖ్యంగా ముందుకూ వెనక్కూ వంగే కీలు, తలుపు బందు లాంటిది. గుమ్మం వాలిన ఇంట్లో బందుకు ఎంత నూనె రాసినా అరుగుదల ఆగదు. అన్ని మోకాలి నొప్పులకూ ఇదే కారణమని మేము అనడం లేదు. కానీ నడుం వైపు చూడకుండా మోకాలికే మందు రాస్తే సగం వైద్యమే.

మరి ఆ కండరాన్ని అలవగొట్టేది ఏది? రింగ్ ఫ్రేముల మధ్య షిఫ్టంతా తిరగడం, కూర్చునే చోటు లేక ఒంటికాలి మీద బరువేసి ఒరిగి నిలబడటం, బాబిన్ల పెట్టె ఎప్పుడూ ఒకే తుంటి మీద మోయడం, తెగిన పోగు అతకడానికి మగ్గం మీదికి వంగి ఉండటం. ఇవి వయసు చేసేవి కావు, పని చేయించేవి.

జర్మనీ సర్జన్ ట్రెండలెన్‌బర్గ్ 1895లో చెప్పిన పరీక్షకు పైసా ఖర్చు లేదు. చెప్పులు విడిచి ఒంటికాలి మీద అర నిమిషం నిలబడండి. వెనక నుంచి తోటివాడు రెండు తుంటి ఎముకల మీద చేతులు పెట్టి చూడాలి. ఎత్తిన కాలి వైపు చెయ్యి కిందికి దిగితే, నిలబడిన కాలి వైపు కండరం బలహీనమై ఉండవచ్చు. పక్కకు పడుకుని పై కాలిని చాచి నెమ్మదిగా ఎత్తి దించడం దానికి మంచి కసరత్తు. మోకాలు వాచినా, పట్టేసినా కసరత్తు మాని డాక్టరు దగ్గరికే వెళ్ళాలి.

అయితే పది గంటలు నిలబెట్టి, ఇంటికెళ్ళి కసరత్తు చేసుకోమంటే చాలదు. నిలబడి పనిచేసేవారికి కూర్చునే వసతి ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ చెప్పింది. దాని స్థానంలో తెచ్చిన 2020 కోడ్‌లోనూ ఆ మాట ఉంది. బట్టల షాపుల్లో నిలబడే మన ఆడపిల్లలకూ కూర్చునే వసతి దక్కేలా తమిళనాడు 2021లో షాపుల చట్టాన్నే సవరించింది. షాపులో వేసిన స్టూలు మిల్లు ఖాతాలో ఎందుకు లేదు?

ప్రతి ఖాతాలో ఫ్రేముల వరస చివర స్టూళ్ళు వేయాలి. పెట్టెలు మోయడానికి చక్రాల బండ్లు ఇవ్వాలి. మోకాలి నొప్పితో వచ్చినవారిని ఇ.ఎస్.ఐ. డాక్టరు నడిపించి చూడాలి, చేసే పనేమిటో చీటీలో రాయాలి. మీ ఖాతాలో ఎందరు నిలబడి పనిచేస్తున్నారో, ఎన్ని స్టూళ్ళున్నాయో లెక్కపెట్టి యూనియన్ ఆఫీసుకు రాసి పంపండి.