ఉత్తరం లోపల రాయకండి, పక్కన రాయండి

మన సంఘం పాత ఈమెయిళ్లను ఒక కంప్యూటర్లో దాచిపెడుతున్నాం, మంచి పని. కానీ మన మిత్రులొకరు ఆ ఫైళ్లు తెరిచి, ఉత్తరం లోపలే "జవాబు రాలేదు", "మళ్లీ అడగాలి" అని టైపు చేసి పెట్టారు. అడిగితే "గుర్తు కోసమే కదండీ" అన్నారు. గుర్తు కోసమైనా ఇది కూడదు.

రైల్వే ఆఫీసులో ఫైలుకు రెండు భాగాలు. వచ్చిన ఉత్తరాలు ఒక పక్క, మనం రాసే నోటు ఇంకో పక్క. వచ్చిన కాగితం మీద తారీఖు ముద్ర, డైరీ నంబరు తప్ప గుమస్తా తన మాట చేర్చకూడదు. తమిళనాడులో 2006లో బళ్లలో తమిళం తప్పనిసరి చేసిన చట్టం గురించి మనం రాసిన అర్జీలు, వచ్చిన జవాబులు ఆ మెయిళ్లలోనే ఉన్నాయి. రేపు ఎవరికైనా చూపిస్తే, ఏది అధికారి మాట, ఏది మన మాట? చాలా మెయిళ్లకు పంపిన సర్వరు వేసిన డీకేఐఎం సంతకం ఉంటుంది. లోపల ఒక్క మాట చేర్చినా ఆ సంతకం సరిపోదు.

"అయితే పైన హెడర్లో చేర్చుదాం" అని ఇంకొకరు. నిజమే, మట్ ప్రోగ్రాం ఎక్స్-లేబుల్ అనే వరుస చేరుస్తుంది, ఫార్మెయిల్‌తోనూ చేర్చవచ్చు. విషయం చెడదు, ఒప్పుకుంటాను. అయినా ఫైలు మారిందా లేదా? ఐమ్యాప్ సర్వరులో ఉన్న మెయిలైతే ఉన్నచోట దిద్దడమే కుదరదు. మార్చింది కొత్తగా ఎక్కించి, పాతది తీసేయాలి.

దాదాపు ప్రతి మెయిలు హెడర్లో మెసేజ్-ఐడీ ఉంటుంది, అదే మనకు డైరీ నంబరు. విడిగా ఒక మామూలు టెక్స్ట్ ఫైలు పెట్టుకుని, ఒక్కో వరుసలో ఆ ఐడీ, తారీఖు, రాసినవారి పేరు, నోటు రాయండి. టెర్మినల్లో ఎకో కమాండు, రెండు గ్రేటర్‌దన్ గుర్తులు, ఫైలు పేరు, అంతే. (ఒక్క గుర్తే పెడితే పాత నోట్లన్నీ తుడుచుకుపోతాయి, జాగ్రత్త!) వెతకడానికి గ్రెప్ ఉంది. నాట్‌మచ్ కూడా మంచిదే, ట్యాగులను తన డేటాబేస్‌లోనే పెట్టుకుని ఉత్తరంలో చెయ్యి పెట్టదు. కానీ ట్యాగులో ఒకటి రెండు మాటలే బాగుంటాయి, సంగతంతా రాయలేం.

నల్ల తెర పెద్దవాళ్లకు కష్టం, వాట్సాప్‌లో పెడితే చాలదా అంటారు. వాట్సాప్‌లో పెట్టిన నోటు ఏ ఉత్తరానిదో ఆరు నెలల తరువాత ఎవరు చెబుతారండీ?

దిద్దిన ఫైళ్ల అసలు కాపీలు బ్యాకప్ డిస్కులో ఉన్నాయి. వచ్చే మీటింగులోపల వాటిని తిరిగి పెడదాం. మిత్రులు రాసిన నోట్లు పారేయకండి, అవి పనికొచ్చేవే. విడి ఫైలులోకి ఎక్కించండి.