షెడ్డులోని కారు, పందెములోని కారు

చౌమహల్లా భవనమును చూచిన విద్యార్థులకు అచ్చట ప్రదర్శనకై నిలిపిన 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ కారు గుర్తుండియే యుండును. ఎచ్చటికిని పోని కారుకు బీమా ఏల యని ఒక విద్యార్థి మమ్ము అడిగెను. తెలుగు చెప్పువారికి కార్ల గొడవ యెందుకని కమిటీ పెద్దలు నవ్వుకొందురేమో! ప్రశ్న మాత్రము మమ్ము విడువలేదు.

మన 1988 నాటి మోటారు వాహనముల చట్టము బహిరంగ స్థలమున వాడు వాహనమునకే, ఇతరులకు కలుగు నష్టమునకై, బీమాను తప్పనిసరి చేసినది. షెడ్డులో దుమ్ము పేరుకొను పాత కారుకు ఆ నిర్బంధము లేదు. అయినను నిప్పు, దొంగ, వరద చెప్పి రావు కదా. అట్టి కారుకు వెల కట్టుటయే కష్టము. ఐదేండ్లు దాటిన వాహనము విలువను యజమానియు బీమా సంస్థయు మాట్లాడుకొని నిర్ణయించుకొనవలెను. ఆ విలువ ముందుగా వ్రాతలో లేనిచో, నష్టము జరిగిన పిదప మిగులునది వాదనయే. ఎట్లయినను అది అతని సొత్తు. బీమా చేయించుటయు మానుటయు అతని ఇష్టము.

పందెపు కారు సంగతి వేరు. పందెములకు, వేగపరీక్షలకు సాధారణ పాలసీ వర్తించదు. కారు పాడైనచో యజమాని భరించును. ప్రక్కన నిలిచినవాని కాలు విరిగినచో ఎవరు భరింతురు?

యూరపులో ఈ ప్రశ్నను లేవనెత్తినది ఒక ట్రాక్టరు. 2007లో స్లొవేనియాలో, పొలపు ఆవరణలో వెనుకకు నడుపుచున్న ట్రాక్టరు బండి తగిలి, నిచ్చెనపై నున్న మనిషి పడి గాయపడెను. దారి మీద కాకున్నను, వాహనము తన సహజమైన పనిలో నున్నంతవరకు నిర్బంధ బీమా వర్తించునని 2014లో యూరోపియన్ న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఈ ఖర్చు భరింపలేమని బ్రిటనులోని పందెపు నిర్వాహకులు మొరపెట్టుకొనిరి. 2021లో యూరోపియన్ యూనియను, ప్రేక్షకులకు వేరు బీమా కల్పించిన పందెములకు మినహాయింపు నిచ్చినది. అప్పటికే యూనియనును వీడిన బ్రిటను 2022లో చట్టము చేసి, ఆ తీర్పునే తనకు వర్తింపకుండ తొలగించుకొన్నది.

మాకు యూనియను మార్గమే న్యాయముగా తోచుచున్నది. పందెములను ఆపుమని మేము కోరుట లేదు. టిక్కెట్టు కొని కంచె వెనుక నిలిచిన కుర్రవాడు, మలుపులో జెండా ఊపు స్వచ్ఛంద సేవకుడు కారు యజమానులు కారు. బేరమాడుటకు వారికి ఏ పాలసీయు లేదు. వారి పేరిట బీమా పత్రము చూపిన పిదపనే తొలి టిక్కెట్టు అమ్మవలెనని, క్రీడా సంఘముల నియమములకు వదలక, మన చట్టమే చెప్పవలెను.