సర్వపిండి కాలేంతసేపు

2008 మార్చి 23న శంషాబాద్‌లో కొత్త విమానాశ్రయం రాకపోకలకు తెరుచుకుంది. అదే ఏడాది అక్టోబర్ 15న, గ్రామీణ మహిళా దినోత్సవం నాడు, జహీరాబాద్ దగ్గర మాచనూర్‌లో సంఘం రేడియో మొదలైంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల్లోని పేద మహిళలు, ఎక్కువమంది దళిత మహిళలు, నడుపుకొనే రేడియో అది. దేశంలో గ్రామీణ మహిళలు నడిపే కమ్యూనిటీ రేడియోల్లో అదే మొదటిది. హైదరాబాద్‌కు ఒక పక్కన సుమారు 5,500 ఎకరాల్లో ఒక నిర్మాణం వచ్చి చుట్టుపక్కల ఊళ్ల బతుకును మార్చేసింది. ఇంకో పక్కన ఒక చిన్న భవనం, ఒక స్తంభం, రెండు మైకులు కలిసి కొన్ని ఊళ్లకు తమ మాట తాము వినే వీలు కల్పించాయి. మొదటిది శంషాబాద్‌కు దక్కింది. రెండోది కూడా కావాలి. ఆ రేడియోలో ముచ్చటను స్టూడియోలో కాకుండా పొయ్యి పక్కన, ఎవరి ఇంట్లోనైనా అరగంటలో అయ్యే వంట చేసుకుంటూ నడపాలి. ఈ వారం నేను చెప్పదలచుకున్నది ఇదే.

విమానాశ్రయం చుట్టూ ఇప్పుడు ఎవరున్నారో ఒకసారి చూద్దాం. రాళ్లగూడ, తొండుపల్లి, మామిడిపల్లి, సాతంరాయి వంటి ఊళ్లలో తరాలుగా ఉన్నవాళ్లున్నారు. భూమి పోయినవాళ్లు, అమ్ముకున్నవాళ్లు, పక్కనే ఉన్నా అమ్ముకోలేక మిగిలినవాళ్లు వారిలో ఉన్నారు. సామాన్లు ఎత్తేవాళ్లు, శుభ్రం చేసేవాళ్లు, సెక్యూరిటీ గార్డులు, క్యాబ్ డ్రైవర్లు, గోదాముల్లో పనిచేసే కుర్రాళ్లు పాలమూరు నుంచీ శ్రీకాకుళం నుంచీ ఒడిశా, బిహార్‌ల నుంచీ వచ్చి ఒక్కో గదిలో ముగ్గురు నలుగురు చొప్పున ఉంటున్నారు. ఔటర్ రింగ్ రోడ్డు వెంట ఫ్లాట్లు కొనుక్కుని వచ్చినవాళ్లు మరికొందరు. ఏటా రెండు కోట్లకు పైగా ప్రయాణికులు ఈ నేల మీద దిగి ఎగిరిపోతారు. వాళ్లకు చేయాల్సిన సేవ చేస్తూ ఇక్కడే ఉండిపోయే మనుషులు మాత్రం ఒకరికొకరు తెలియదు. కలుసుకునే చోట్లు లేవని కాదు. పార్టీ సభలున్నాయి, వార్డు సమావేశాలున్నాయి, అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులున్నాయి. అయితే వాటన్నిటిలోనూ పదవి ఉన్నవాళ్లో, చదువుకున్నవాళ్లో, గొంతు పెద్దగా ఉన్నవాళ్లో మాట్లాడతారు. మిగతావాళ్లు వింటారు. కుర్చీలు ఎలా వేసినా ఈ వరుస మారదు. ఎవరు తెలిసినవారు, ఎవరు తెలియనివారు అన్న లెక్క మారినప్పుడే ఇది మారుతుంది.

వంట ఆ లెక్కను మార్చగలదు. సంఘం రేడియో అనుభవం నాకు అందుకే ముఖ్యంగా కనిపిస్తుంది. ఆ మహిళల్లో చాలామందికి బడి చదువు లేదు. మైకు ముందు వాళ్లకు ధైర్యాన్నిచ్చింది విత్తనాల గురించీ, చిరుధాన్యాల గురించీ, చేలో తనంతట తాను మొలిచే ఆకుకూరల గురించీ, వాటిని వండుకునే తీరు గురించీ వాళ్లకున్న తెలివి. కొర్ర అన్నం ఎలా వండాలో చెప్పే మనిషిని వ్యవసాయ శాస్త్రవేత్త కూడా మధ్యలో ఆపి సరిదిద్దలేడు. ఆ ఒక్క విషయంలో పెద్దరికం చేతికి వచ్చాక ధర గురించి, కూలి గురించి, వానల గురించి మాట్లాడటానికి జంకు పోతుంది. శంషాబాద్‌లో ఒక క్లీనింగ్ కార్మికురాలిని వేదిక ఎక్కించి "మీ సమస్యలు చెప్పండమ్మా" అంటే ఆమె రెండు ముక్కలు చెప్పి దిగిపోతుంది. పొయ్యి దగ్గర నిలబెట్టి "పచ్చి పులుసులో నువ్వులు ఎప్పుడు వేస్తావక్కా?" అని అడిగితే ఆమె చెబుతుంది, అడిగినవాళ్లు నేర్చుకుంటారు. ముచ్చట అక్కడి నుంచే మొదలవ్వాలి.

సులభమైన వంటే ఎందుకంటే, కష్టమైన వంట మాటను మింగేస్తుంది. బిర్యానీ దమ్ముకు పెట్టేవాళ్ల ధ్యాసంతా గిన్నె మీదే ఉంటుంది. టీవీ వంటల్లో ముందే కొలిచి గాజు గిన్నెల్లో పోసి పెట్టిన సరుకులను ఒక్కొక్కటే వంచుతుంటారు. అక్కడ మాటకు చోటుండదు, "ఇప్పుడు ఇది వేసుకుందాం" తప్ప. సర్వపిండి అలా కాదు. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, తరిగిన ఉల్లిగడ్డ, కరివేపాకు, కారం, ఉప్పు వేసి కలుపుతూ మొదటి పలకరింపులు చేసుకోవచ్చు. నూనె రాసిన గిన్నె అడుగున పిండిని పలచగా ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి, వాటిలో చుక్క చుక్క నూనె వేసి మూత పెట్టాక సన్న మంట మీద పది నిమిషాలకు పైగా చేతికి పనుండదు. అసలు ప్రశ్నలు ఆ సమయానికి. రెండోది ఒత్తాలంటే గిన్నె చల్లారాలి, వేడి గిన్నెలో పిండి ఒత్తితే చెయ్యి కాలుతుంది, పిండీ సరిగా పరుచుకోదు. ఆ ఎదురుచూపు కూడా మాటకే దక్కుతుంది. ఇక పచ్చి పులుసుకు పోపు తప్ప పొయ్యి పనే లేదు. నానబెట్టిన చింతపండు పిసికి, ఉల్లిగడ్డనూ కాల్చిన పచ్చి మిరపకాయలనూ ఉప్పేసి చేత్తో నలిపి, వేయించిన నువ్వుల పొడి కలిపితే అయిపోతుంది. కార్యక్రమం నడిపేవాళ్లు వంటను ఎంచుకునేటప్పుడు రుచితో పాటు ఈ ఖాళీ సమయాన్ని కూడా లెక్కేసుకోవాలి.

ముచ్చట నడపడం అంటే సరుకుల వెంట వెళ్లడమని నా నమ్మకం. నువ్వులు ఎక్కడివి అని అడిగితే దుకాణం పేరు వస్తుంది. అంతకుముందు ఎక్కడివి అని అడిగితే చేను వస్తుంది. చేను ఏమైంది అని అడగాల్సిన పని కూడా ఉండదు, ఆ మాట దానంతట అదే వస్తుంది. పిండి ఏ బియ్యానిది అన్నది ఇంకో మంచి ప్రశ్న. రేషన్‌లో దొడ్డు బియ్యం వచ్చిన రోజుల్లో దాన్ని పిండి పట్టించుకున్న ఇళ్లున్నాయి. 2025 ఏప్రిల్ నుంచి తెలంగాణలో రేషన్ కార్డు మీద సన్నబియ్యం ఇస్తున్నారు. ఆ మార్పు ఇంట్లో ఎవరికి మేలు చేసింది, కార్డు ఇక్కడ లేని వలస కార్మికుడు ఏ బియ్యం కొంటున్నాడు అన్న చర్చ ఒక్క పిండి ముద్ద నుంచి పుడుతుంది. పుంటికూర ఒకప్పుడు గట్టు మీద కోసుకునేది, ఇప్పుడు కట్ట ఎంత? గ్యాస్ బండ ఎన్నాళ్లొస్తోంది? నల్లా నీళ్లు ఏ వేళకు? ఇవన్నీ వంట ప్రశ్నలే, పరిపాలన ప్రశ్నలు కూడా. "మీకెలా అనిపిస్తోంది" అన్న ప్రశ్నతో రాని సంగతులు "ఇది ఎలా చేస్తారు" అన్న ప్రశ్నతో వస్తాయి. మంచి యాంకర్‌కు కావలసిన విద్య ఇదే.

యూట్యూబ్‌లో ఇదంతా ఉంది కదా అనేవాళ్లుంటారు. ఉంది, అది నా వాదనకు బలమే. గుంటూరు జిల్లా గుడివాడకు చెందిన మస్తానమ్మ నూరేళ్ల వయసులో పొలం గట్టు మీద వండి లోకమంతటా అభిమానులను సంపాదించుకుంది. 2018లో ఆమె చనిపోతే విదేశీ పత్రికలు కూడా రాశాయి. గ్రాండ్‌పా కిచెన్ నారాయణరెడ్డి 2019లో కన్నుమూసేదాకా పెద్ద పెద్ద గిన్నెల్లో వండి అనాథ పిల్లలకు పెట్టాడు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి వచ్చిన మై విలేజ్ షో, అందులోని గంగవ్వ, పల్లె మాటకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రేక్షకులున్నారని నిరూపించారు. మామూలు మనిషి వంటనూ మాటనూ జనం చూస్తారా అన్న సందేహం ఇక అక్కర్లేదు. అయితే లోకం మొత్తానికి చూపే వీడియోకూ, పక్క వీధికి వినిపించే ముచ్చటకూ తేడా ఉంది. మస్తానమ్మను చూసిన లక్షల మందిలో ఆమెకు ఎదురు ప్రశ్న వేయగలిగినవాళ్లు ఎందరు? తొండుపల్లిలో వండిన ఇల్లాలిని మర్నాడు కూరగాయల బండి దగ్గర ఆపి "అంత కారం ఎందుకేశావు" అనగలిగేవాళ్లుంటేనే అది ఊరి కార్యక్రమం అవుతుంది.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఆడవాళ్ల గురించి. వంటింట్లోంచి బయటకు తేవాల్సినవాళ్లను మళ్లీ పొయ్యి ముందే నిలబెడతారా అని స్త్రీవాదులు అడుగుతారు. అడగాలి కూడా. వంటను ఆడదాని ధర్మంగా పొగుడుతూ నడిపే కార్యక్రమం కన్నా ఏ కార్యక్రమమూ లేకపోవడమే మేలు. నా జవాబు రెండు షరతులు. ఒకటి, వండే అతిథుల్లో సగం మంది మగవాళ్లు కావాలి. ఇక్కడ వాళ్లకు కొదవ లేదు. పెళ్లిళ్లకు వండే మాస్టర్లు మగవాళ్లు, హోటళ్లలో వండేవాళ్లు మగవాళ్లు, నలుగురున్న గదిలో వంతులేసుకుని కిచిడీ, కోడిగుడ్డు కూర వండుకునే కార్మికులు మగవాళ్లు. పరాయి ఊళ్లో వండుకుని తినే మగవాడు సొంతూరు వెళ్లగానే గరిటె ఎందుకు ముట్టడన్నది అడగదగిన ప్రశ్న. రెండోది, మైకూ నిర్ణయమూ ఆడవాళ్ల చేతిలో ఉండాలి. మాచనూర్‌లో రికార్డింగూ ప్రసారమూ మహిళలే నేర్చుకుని చేశారు. వంట గురించి మాట్లాడినందువల్ల వాళ్లు వంటింటికే పరిమితం కాలేదు.

కులం సంగతి ఇంకా లోతైనది. తిండి మనుషుల్ని కలుపుతుందని అందరూ సులభంగా అంటారు. మన ఊళ్లలో తిండి మనుషుల్ని విడదీసినంతగా మరేదీ విడదీయలేదు. ఎవరి కుండలో నీళ్లు ఎవరు తాగుతారు, ఎవరి పొయ్యి దాకా ఎవరు రావచ్చు అన్నవే కులానికి ఆనవాళ్లు. అందరికీ సమ్మతమని చెప్పి పులిహోర, పాయసాలతో సరిపెడితే కొందరి వంటిల్లు మాత్రమే ఊరి వంటిల్లుగా చెలామణి అవుతుంది. తలకాయ కూర, బోటి, ఎండు చేపల పులుసు, రంజాన్ నెలలో వండే హలీం, ఒడియా కార్మికుడి పఖాళ అన్నం అన్నీ రావాలి. ఆ పైన ఒక నియమం ఉండాలి: అతిథి వండినది ముచ్చట నడిపేవాళ్లు అక్కడే, అందరి ముందూ తినాలి. తమకు అలవాటు లేని మాంసమైతే పక్కన పెట్టవచ్చు, కానీ అదే ఇంటి గిన్నెలోని అన్నం ముట్టుకోని మనిషి ఆ కుర్చీకి తగడు. ఈ నియమం వల్ల కొందరు రాకపోవచ్చు. వాళ్లు లేకుండానే నడపాలి.

ఇదంతా కాలక్షేపం, భూముల గురించి మాట్లాడాల్సిన చోట ఉల్లిగడ్డల గోలేమిటి అని రాజకీయ స్పృహ ఉన్నవాళ్లు కోప్పడవచ్చు. హైదరాబాద్ జంట జలాశయాల పరీవాహకంలోని 84 గ్రామాలకు వర్తించేలా 1996లో వచ్చిన 111 జీవో శంషాబాద్ మండలంలోనూ ఎన్నో కుటుంబాల తలరాతను నిర్ణయించింది. భూమి ధర, నీటి రక్షణ, కట్టడాలపై ఆంక్షలు ఇక్కడ ప్రతి ఇంటి మాటే. వాటి మీద టీవీ చర్చలు కూడా చాలానే జరిగాయి. అక్కడ ఇద్దరు నేతలు అరుచుకుంటారు, చెరువు కింద కూరగాయలు పండించే రైతు ఎక్కడా కనిపించడు. కమ్యూనిటీ రేడియోలో సొంత వార్తా ప్రసారాలకు అనుమతి లేదు, ఆకాశవాణి వార్తలను యథాతథంగా వేసుకోవాలి. ఆ ఆంక్ష తప్పని నా అభిప్రాయం. కానీ నీళ్లు, కరెంటు, ఉపాధి, వాతావరణం గురించి స్థానికులకు చెప్పుకోవడానికి అడ్డు లేదు. పురపాలక అధికారిని పిలవవచ్చు. ఆయనకూ ఒక నియమం: వచ్చి ఉల్లిగడ్డ తరగాలి, పక్కన నిలబడ్డ కార్మికురాలు అడిగినదానికి జవాబివ్వాలి. బల్లకు అవతల కూర్చున్నప్పుడు దొరకని జవాబు ఒకే పీట దగ్గర దొరికే అవకాశం ఎక్కువ.

ఖర్చూ అనుమతులూ నిజమైన అడ్డంకులే. వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా స్వచ్ఛంద సంస్థలు రేడియో పెట్టుకోవడానికి 2006 దాకా వీలు కాలేదు. ఆ తీర్పు రాసిన జస్టిస్ పి.బి. సావంత్ చేతుల మీదుగానే సంఘం రేడియో ప్రారంభమైంది. లైసెన్సు కోసం ఎదురుచూసిన ఏళ్లలో ఆ మహిళలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు, క్యాసెట్లలో రికార్డు చేసి సంఘాల కూటముల్లో వినిపించారు. శంషాబాద్‌లో స్తంభం నిలబెట్టాలంటే విమానయాన భద్రత కోణంలో కూడా అనుమతి రావాలి, దానికి సమయం పడుతుంది. ఈలోగా ఒక ఫోను, దుస్తులకు తగిలించే మైకు, రెండు పొయ్యిలు, రెండు గిన్నెలు చాలు. నెత్తిమీద విమానం వెళ్లేటప్పుడు మాట ఆపి పోపు వేసుకోవచ్చు. మైకును నోటికి దగ్గరగా, పోపు చప్పుడుకు దూరంగా పెట్టుకుంటే వినేవాళ్లకు ఇబ్బంది ఉండదు. తెలుగుతో పాటు దక్కనీ ఉర్దూ, హిందీ కలిసిపోయినా కంగారు పడనక్కర్లేదు, ఈ నేల మీద మాట్లాడే తీరే అది. మూడు షిఫ్టుల్లో పనిచేసే జనం కాబట్టి ఒకే ముచ్చటను తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి షిఫ్టుకు బయలుదేరేముందు ఒకసారి వినిపించాలి. మొదటి నెల వంటలు రాళ్లగూడ, సాతంరాయి అంగన్‌వాడీల దగ్గర, క్యాబ్‌లు ఆగే చోట, ఏదో ఒక అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లో జరగాలి. సరుకుల ఖర్చును వండేవాళ్ల మీద వేయకూడదు, వాళ్లు పోగొట్టుకునే పూట కూలిని కూడా నిర్వాహకులే ఇవ్వాలి.