పోగూ, జిగురూ, మన చదువూ

మూడేళ్ళుగా మన లేబ్‌లో నేను విరగ్గొట్టినవన్నీ మైల్డ్ స్టీల్ కడ్డీలే. మెషీన్‌లో బిగించడం, లాగడం, గ్రాఫు గీయడం, రికార్డు మీద సంతకం పెట్టించుకోవడం. ఇనుముతో నాకేం పేచీ లేదు. కాని ప్రపంచం ఇనుము దగ్గరే ఆగిపోలేదన్న సంగతి మన లేబ్‌కి ఇంకా తెలిసినట్టు లేదు.

నేను చెప్పబోయేది మనం వాడుకలో "ఫైబర్" అనే పదార్థం గురించి. గాజు పోగులో, కార్బన్ పోగులో పరిచి, రెసిన్‌తో తడిపి గట్టిపరిస్తే వచ్చేదే అది. సూత్రం కొత్తదేమీ కాదు. మట్టిలో ఊక కలిపి తొక్కి గోడ పెట్టిన మన తాతలకు తెలిసిందే. పోగు బరువు మోస్తుంది, జిగురు పోగుల్ని విడిపోకుండా పట్టుకుంటుంది. ఉక్కు సాంద్రత 7.85 అయితే కార్బన్ ఫైబర్ కాంపోజిట్‌ది 1.6 మాత్రమే.

తేలికైతే ఏమిటట అంటారా? బోయింగ్ 787 విమానం బరువులో సగం ఈ పదార్థమే. 2001లో మొదటిసారి ఎగిరిన మన తేజస్ బరువులో 45 శాతం దాకా ఇదే. అంతకన్నా నా మనసుకు దగ్గరైన సంగతి హైదరాబాదుది. అగ్ని క్షిపణి కోసం సాగిన తేలిక పదార్థాల పరిశోధన పుణ్యమా అని, నిమ్స్ ఆసుపత్రిలో పోలియో పిల్లలకు మూడు కిలోల పైచిలుకు ఇనుప కాలిపర్ల స్థానే 300 గ్రాములవి అమర్చగలిగారు. తనకు మహదానందం కలిగించిన పనుల్లో అదొకటని అబ్దుల్ కలాం గారే చెప్పేవారు. ఇంజనీరింగ్‌కి ఇంతకు మించిన నిర్వచనం ఏ పాఠ్యపుస్తకంలో ఉంది?

అయితే ఇది అంత సులువుగా లొంగే పదార్థం కాదు. పోగు దిశలో ఉన్న బలంలో అడ్డంగా పదోవంతు కూడా ఉండదు. రోల్స్‌రాయిస్ వారు ఆర్.బి. 211 ఇంజనుకు కార్బన్ ఫైబర్ ఫ్యాన్ రెక్కలు చేసి, 1970లో పక్షి గుద్దితే ఏమవుతుందో పరీక్షించారు. రెక్కలు తట్టుకోలేదు. టైటానియం రెక్కలకు మారక తప్పలేదు. ఆ ఇంజను ఖర్చులు మోయలేక 1971లో అంత పెద్ద కంపెనీ దివాలా తీస్తే బ్రిటిష్ ప్రభుత్వం ఆదుకోవలసి వచ్చింది. కాని కథ అక్కడితో అయిపోలేదు. అంచుకు టైటానియం తొడుగు వేసిన కార్బన్ రెక్కలతో జి.ఇ. 90 ఇంజను 1995లో సర్వీసులోకి వచ్చింది. దెబ్బ తిన్నచోటే నేర్చుకున్నారన్న మాట.

మేమూ ఓ దెబ్బ తిన్నాం లెండి. ప్రాజెక్టు కోసం ఫైబర్ బానెట్ చేద్దామని రెసిన్ కొన్నాం. త్వరగా గట్టిపడుతుందని కేటలిస్టు ధారాళంగా పోశాం. మగ్గు చేత్తో పట్టుకోలేనంత వేడెక్కి, పొగలు కక్కి, బీటలు వారింది. ఆ ముక్క పట్టుకుని, భీమిలి దారిలో పడవలు చేసే ఓ షెడ్డుకి పోయాం. అక్కడి పెద్దాయన చూసి నవ్వాడు.

"ఏటి బాబూ, కూరలో కారం అనుకున్నారా? కిలోకి పది గ్రాములేస్తే సాలు."

"త్వరగా అవుతుందని వేశాం, బాబాయ్."

"తొరగా అయిందే తొరగా ఇరిగిపోద్ది."

ఆ సాయంత్రం ఆయన రోలరు మా చేతికిచ్చి, మ్యాట్‌లోంచి గాలి బుడగలు ఎలా తరమాలో నేర్పాడు. బుడగ మిగిలితే అక్కడ ఉప్పునీరు చేరుతుందట. పడవ నడిసముద్రంలో మోసం చేస్తుందట. పుస్తకంలో "వాయిడ్ కంటెంట్" అని ఒక్క లైనులో ఉన్నదాని మీద, వేటకు పోయేవాడి ప్రాణం ఆధారపడి ఉందని అప్పుడు తెలిసింది.

ఇంకోటీ చూశాను. కళ్ళు మండించే ఆ స్టైరీన్ వాసనలో, ఎగిరే గాజు నూగులో, ఆయన మూతికున్నది తువ్వాలు గుడ్డ మాత్రమే. మాకు తెలిసిన సంగతులు ఆయనకు చెప్పినవాడు లేడు. ఆయనకొచ్చిన విద్య మాకు నేర్పినవాడు లేడు. అసలు లోటు ఇదేనని నా అభిప్రాయం.

అందుకే యూనియన్‌కీ, లెక్చరర్లకీ నాదొక మనవి. కాంపోజిట్స్‌ను "లాభాలు ఐదు వ్రాయుము" అనే ప్రశ్నగా వదిలేయకండి. గాలి ఆడే ఓ చిన్న షెడ్డు, కొంత రెసిన్, కొంత మ్యాట్, నాలుగు మాస్కులు చాలు. ఏడాదికి రెండుసార్లు అలాంటి పనివాణ్ణి పిలిచి, గౌరవంగా పారితోషికమిచ్చి, పాఠం చెప్పించుకుందాం. తిరిగి వెళ్ళేటప్పుడు ఆ షెడ్డుకి సరైన మాస్కులూ, గ్లవ్సులూ పంపుదాం. కాలం చెల్లిన ఫైబర్‌ని ఉక్కులా కరిగించి మళ్ళీ పోత పోయలేం కదా, దాన్నేం చెయ్యాలో కూడా మన ప్రాజెక్టుల్లో వెతుకుదాం. పూర్వ విద్యార్థులు తలచుకుంటే ఖర్చు లెక్కలోనిది కాదు.

పోగు ఒక్కటే ఉంటే దారం, జిగురు ఒక్కటే ఉంటే పెళుసు. చేతిపనీ, చదువూ అంతే. రెండూ కలిపేది కాలేజీ కాకపోతే ఇంకెవరు?

— ఫైనల్ ఇయర్ మెకానికల్ విద్యార్థి