కరెంటు పోతే ఏమైతది?

చాన్నాళ్ళుగా ఈ బ్లాగు దుమ్ముపట్టి ఉంది. మొన్న వర్ధన్నపేట వెళ్ళివచ్చిన తరువాత ఒక పాత బాకీ జ్ఞప్తికి వచ్చి మళ్ళీ కీబోర్డు ముందు కూర్చున్నాను. విషయం సాంకేతికమే. అయినా ప్యాకేజీ అంటే ఏమిటో తెలియని మిత్రులు సైతం చదవగలిగేటట్లు వ్రాయడానికి ప్రయత్నిస్తాను.

2009 వేసవి. వరంగల్లు నుంచి ఖమ్మం పోయే దారిలో, వర్ధన్నపేట బస్టాండుకు దగ్గరలో మా బంధువుల కుర్రవాడు ఒక చిన్న దుకాణం నడిపేవాడు. జిరాక్సు, డీటీపీ, పెళ్ళిపత్రికలు, దరఖాస్తులు నింపి ఇవ్వడం అతని పని. పెన్‌డ్రైవుల వెంట వచ్చే వైరసులతో విసిగిపోయి, "అన్నా, నీ లినక్సు ఎక్కియ్యరాదే" అన్నాడు. (పెళ్ళిపత్రికలకు అను ఫాంట్లు తప్పవు గనుక విండోస్‌ను పూర్తిగా తొలగించే ప్రశ్నే లేదు. దుకాణంలోని రెండవ కంప్యూటరు మీదనే మా ప్రయోగం.) ఒక పత్రికతో ఉచితంగా వచ్చిన డీవీడీ నుంచి వ్యవస్థను ఎక్కించాను. కొత్త సాఫ్ట్‌వేరు కావలసినప్పుడు గ్రాఫికల్ ఇన్‌స్టాలరును ఎట్లా వాడాలో ఒక పూట చూపించి హైదరాబాదు వచ్చేశాను. అది ఏ లినక్సు అన్నది ఇప్పుడు అప్రస్తుతం.

రెండు వారాల తరువాత ఫోను చేసి ఎట్లుంది తమ్మీ అని అడిగాను. "మంచిగుందన్నా" అన్నాడు. ఎంత సంబరపడ్డానో! వాడుకరి అభిప్రాయం అంటే ఇదే కదా అనుకున్నాను. ఆ తరువాత పెళ్ళికని వెళ్ళి చూస్తే, ఆ యంత్రంలో నేను వదిలి వచ్చిన నాటి నుంచి ఒక్క కొత్త సాఫ్ట్‌వేరు కూడా చేరలేదు. చుట్టరికం ఉన్నవాడు, ఉచితంగా పని చేసిపెట్టినవాడు ఎట్లా ఉందని అడిగితే మన ఊళ్ళలో ఎవరైనా బాగాలేదని అంటారా? ఆ మాటలో ఉన్నది మర్యాద మాత్రమే. దానిని అభిప్రాయమనుకోవడం నా అమాయకత్వం.

కనుక ఈసారి ఏమీ అడగకుండా అతని వెనుక స్టూలు వేసుకుని కూర్చున్నాను.

ఒక ఫొటోల సాఫ్ట్‌వేరు వెదికాడు, దొరికింది. దాని ప్రక్కనున్న గడిలో టిక్కు పెట్టి కిటికీ మూసేశాడు. మూసేటప్పుడు ఏదో ఇంగ్లీషు వాక్యం అడిగింది, అలవాటుగా సరే అని నొక్కాడు. అంతే, అయిపోయిందనుకున్నాడు! గుర్తు పెట్టడం ఒక పని, ఆ గుర్తులన్నింటినీ అమలు చేయమనడం మరొక పని అని ఆ ఇన్‌స్టాలరు రచయిత ఉద్దేశం. ఆ తరంలో పేరుపొందిన సినాప్టిక్ కూడా ఈ రెండంచెల పద్ధతిదే. నిజానికి అది తెలివితక్కువ పద్ధతి కాదు. కిరాణా చీటీ అంతా వ్రాసి, చివర ఒకేసారి సామాను కట్టించుకోవడం వంటిది. ఒక ప్యాకేజీ కావాలంటే దానికి తోడుగా మరి నాలుగు రావలసి ఉంటుంది గనుక, లెక్క అంతా ఒకసారి చూసుకోవడం యంత్రానికీ మంచిదే. కాని చీటీ వ్రాసి షావుకారు చేతికి ఇవ్వాలని మా తమ్మునికి ఎవరు చెప్పారు? నేనూ చెప్పలేదు.

మరొకసారి సవ్యంగానే మొదలుపెట్టాడు. సగంలో ఒక ప్రశ్న వచ్చింది: పాత అమరిక ఫైలును ఉంచాలా, కొత్తది పెట్టాలా? చేయి మౌసు మీద ఆగిపోయింది. వెనుదిరిగి, "అవునన్నా, వద్దన్నా, తప్పయితే నాదేనా?" అన్నాడు. ఆ వాక్యం నాకు ఈనాటికీ గుర్తుంది. ప్రశ్నలకు కూడా స్థాయి ఉండాలని ఎరిగిన పెద్దలు లేకపోలేదు. డెబియన్‌లో ప్రశ్నలు అడగడానికి జోయ్ హెస్ రచించిన డెబ్‌కాన్ఫ్‌లో ప్రతి ప్రశ్నకూ నాలుగు ప్రాధాన్యాలలో ఒకటి కేటాయించాలి. తక్కువ ప్రాధాన్యం గలవాటిని మామూలు వాడుకరి ముందుకు తేకుండానే అది తనకు తానుగా సమాధానం ఎంచుకుంటుంది. అయితే ఏది ముఖ్యమైన ప్రశ్న అన్నది ఆయా ప్యాకేజీలను కట్టేవారు నిర్ణయిస్తారు. వారికి జవాబు తెలుసు గనుక, అందరికీ తెలుసుననే అనుకుంటారు.

ఇక అసలు సంగతి. సామాను దిగుతున్నట్లు చూపే పట్టీ సగం దాకా వచ్చింది. అప్పుడు అడిగాడు: "అన్నా, ఇప్పుడు కరెంటు పోతే ఏమైతది?"

నేను నవ్వాను. ఆ వేసవిలో కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. దుకాణంలోని యూపీఎస్ బ్యాటరీ పది నిమిషాలు కూడా నిలిచేది కాదు. అయినా అది సాఫ్ట్‌వేరు ప్రశ్న కాదనుకున్నాను. సాయంత్రానికి పోనే పోయింది. తిరిగి వచ్చిన తరువాత ఇన్‌స్టాలరు తెరుచుకోనన్నది. ప్యాకేజీలు సగం విప్పి, సగం అమర్చిన స్థితిలో ఉన్నాయి. దానిని చక్కదిద్దడానికి నల్లని తెర మీద ఇంగ్లీషులో ఒక ఆదేశం టైపు చేయాలి. ఒక నిమిషం పని. తెలిసినవానికి ఒక నిమిషం! తెలియనివానికి ఆ యంత్రం చెడిపోయినట్లే. అతడు మళ్ళీ విండోస్‌కే పోయాడు, నేను నిందించలేను.

ఇప్పుడు నా బాకీ గురించి. ఆ ఏడాది నేను లినక్సు తయారీదారులకు ఫిర్యాదులు పంపలేదా అంటే, పంపాను. అన్నీ ఒత్తులు విడిపోవడం గురించీ, అక్షరదోషాల గురించీ. ఇన్‌స్టాల్‌కు స్థాపించు అనాలా, సంస్థాపించు అనాలా, ప్రతిష్ఠించు అనాలా అని మిత్రులతో రాత్రుళ్ళు వాదించాను. (వర్ధన్నపేటలో అందరూ అనేది "ఎక్కించు". స్థాపించేది పార్టీని, ప్రతిష్ఠించేది విగ్రహాన్ని.) ఆ శ్రమను తక్కువ చేయను. 2011 ఫిబ్రవరిలో డెబియన్ 6.0 వెలువడినప్పుడు దానిని ఎక్కించే ప్రోగ్రాములో తెలుగు చేరింది, అదీ గ్రాఫికల్ రూపంలో మాత్రమే. గడికొక అక్షరంగా నడిచే నల్లతెర మీద మన గుణింతాలూ ఒత్తులూ నిలువవు. ఇంగ్లీషువానికి గ్రాఫికల్ తెర సౌకర్యం, మనకు అక్షరం కనబడడానికే అది కావాలి. ఆ వార్త చదివి పొంగిపోయినవారిలో నేనొకడిని.

కాని కరెంటు ప్రశ్నను నేను ఎవరికీ చేరవేయలేదు. అతడు ఇంగ్లీషులో వ్రాయలేడు. వ్రాయగలిగిన నాకు అది పల్లెటూరి బెంగలాగా తోచింది.

అది పల్లెటూరి బెంగ కాదు. ఎల్కో డోల్‌స్ట్రా అనే డచ్చి పరిశోధకుడు 2006లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంతవ్యాసంలో దీనికి సమాధానం ఉంది. ఆయన నిక్స్ పద్ధతిలో కొత్త ప్యాకేజీ పాతదానిని ముట్టుకోదు, వేరొక చోట పూర్తిగా సిద్ధమవుతుంది. అంతా కుదిరిన తరువాత ఒక్క క్షణంలో సూచిక పాతదాని నుంచి కొత్తదానికి మళ్ళుతుంది. నడుమ కరెంటు పోతే పాతది చెక్కుచెదరకుండా ఉంటుంది. 2016లో ఆండ్రాయిడ్ 7.0 ఇదే ఆలోచనను ఫోనులోకి తెచ్చింది. ఈ పద్ధతి గల ఫోనులలో వ్యవస్థకు రెండు గదులు ఉంటాయి. ఒకటి వాడుకలో ఉండగా రెండవదానిలో నవీకరణ జరుగుతుంది. అది బెడిసికొడితే ఫోను మొదటి గదిలోనే మేలుకొంటుంది.

అంటే మా తమ్ముడు ప్రశ్న అడిగేనాటికే జవాబు మూడేళ్ళుగా అచ్చులో ఉన్నది. మధ్యలో దారి లేదు. ఆ దారి కావలసినవాడు స్టూలు మీద కూర్చుని నవ్వుతున్నాడు.

ఇన్‌స్టాలర్లు రూపొందించే తెలుగు పిల్లలు ఇప్పుడు హైదరాబాదులో ఎందరో ఉన్నారు. వాడుకరుల అభిప్రాయానికని వారు పెట్టే నక్షత్రాలూ, మార్కులూ చూస్తుంటాను. నక్షత్రం ఇచ్చేవాడు పని పూర్తిచేసినవాడు. చేయి మౌసు మీద ఆగిపోయినవాడు, తప్పు తనదేనని కిటికీ మూసేసినవాడు ఆ లెక్కలోకి రాడు. వానిని చూడాలంటే వాని దుకాణానికి వెళ్ళాలి, కరెంటు పోయేదాకా కూర్చోవాలి. ఖర్చు ఎక్కువేమీ కాదు, బస్సు చార్జీ.

మొన్న వెళ్ళినప్పుడు అతడు కొత్త ఫోనును నవీకరించుకుంటున్నాడు. చార్జింగు పెట్టి, దాని ముందే కాపలాగా కూర్చున్నాడు. ఇప్పుడు ఆ భయం అక్కరలేదనీ, రెండు గదుల ఏర్పాటు వచ్చిందనీ వివరంగా చెప్పాను. అంతా విన్నాడు.

"గదే గదన్నా నేను అప్పుడు అడిగింది" అన్నాడు. చార్జరు మాత్రం తీయలేదు.