నలభై పేర్ల సంసారం

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి కాకినాడ నుంచి. రాసినవారు ఆరేళ్ల కిందట ఉద్యోగం నుంచి రిటైరయిన పెద్దమనిషి. చేతికొచ్చిన సొమ్ములో కొంత పెట్టి ఇంటర్నెట్టులో పేర్లు కొన్నారట. ఒకటీ రెండూ కాదు, నలభై! పూతరేకుల మీద నాలుగు, ఉప్పాడ చీరల మీద మూడు, కొండపల్లి బొమ్మల మీద రెండు, పెళ్లి సంబంధాల మీద కొన్ని, ఇళ్లస్థలాల మీద మరికొన్ని, ఆఖరికి ఒక సినిమా నటుడి పేరు మీద కూడా ఒకటి. ఒక్కొక్క పేరుకు ఏటా వెయ్యి రూపాయల పైచిలుకు చెల్లించాలి. వెరసి ఏడాదికి నలభై వేలు దాటుతున్నది. ఇంతవరకు ఒక్క పేరూ అమ్ముడుపోలేదు.

ఇప్పుడొక కంపెనీ వారు తగిలారు. "పేర్లను ఊరికే పడుకోబెడితే ఏం లాభమండీ? పేరుకు మూడువేలు ఇవ్వండి. నలభైకీ నలభై వెబ్‌సైట్లు నెల తిరక్కుండా కట్టిపెడతాం" అన్నారట. లక్షా ఇరవై వేలన్నమాట. ఇంట్లో ఆవిడ మాత్రం, "ఇప్పటిదాకా పోసింది చాలు. మనవరాలి కాలేజీ ఫీజు సంగతి చూడండి" అంటున్నారట. కట్టించమంటారా, మానమంటారా అని వారి ప్రశ్న.

సంతకం పెట్టకండి అని ఆ పూటే జవాబిచ్చాను. కారణాలు మాత్రం ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటే, ఇలా పేర్లు కొని పెట్టుకుని, వదల్లేకా, వాడుకోలేకా సతమతమవుతున్న వారు మన ఊళ్లలో చాలామందే ఉన్నారు.

అసలీ పేర్ల మోజు ఎలా పుట్టిందో చూడండి. 'డాట్ కామ్' తోకతో మొట్టమొదటి పేరు రిజిస్టరయింది 1985 మార్చిలో. అమెరికాలోని సింబాలిక్స్ అనే కంప్యూటర్ కంపెనీ వారిది. అప్పట్లో పేరుకు కానీ ఖర్చు లేదు, అడిగినవారికల్లా ఇచ్చేవారు. 1995 సెప్టెంబరులో రుసుము మొదలైంది. రెండేళ్లకు వంద డాలర్లు. ఆపైన పేర్లను తిరిగి అమ్ముకునే వ్యాపారం జోరందుకున్నది. 1999లో 'బిజినెస్ డాట్ కామ్' అన్న పేరు 75 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. 2019లో 'వాయిస్ డాట్ కామ్' 3 కోట్ల డాలర్లు పలికింది. మన 'డాట్ ఇన్' పేర్లు 2005లో అందరికీ అందుబాటులోకి వచ్చాయి. ఇక అడగాలా! 3 కోట్ల డాలర్ల కబురు పేపర్లో పడుతుంది. అమ్ముడుపోని పేర్ల కబురు ఏ పేపర్లోనూ పడదు. లాటరీ గెలిచినవాడి ఫొటో చూసి టిక్కెట్టు కొన్నట్టే ఇదీను.

సరే, కొన్నారు. కొన్నదేమిటి? పేరు ఒక చిరునామా, అంతే. ఆ చిరునామాలో ఇల్లు లేదు. యంత్రాలు ఒకదాన్నొకటి అంకెలతో గుర్తుపడతాయి. మనకు అంకెలు గుర్తుండవు గనుక, పేరు చెబితే అంకె వెతికిపెట్టే ఏర్పాటును 1983లో పాల్ మొకాపెట్రిస్ అనే శాస్త్రజ్ఞుడు రూపొందించాడు. మీరు ఏటా చెల్లించే వెయ్యీ ఆ చిట్టాలో మీ పేరు ఉంచటానికి. ఇల్లు కట్టే ఖర్చు దానికి వేరే.

ఆ ఖర్చు ఎంత అన్నదే అసలు ప్రశ్న. నలభై పేర్లున్న వారికి నేను చెప్పదలచుకున్న శుభవార్త ఇక్కడే ఉన్నది. నలభై ఇళ్లకు నలభై స్థలాలు అక్కర్లేదు. ఎన్ని పేర్లయినా ఒకే సర్వరు వైపు తిప్పవచ్చు. 1997లో వచ్చిన నిబంధనల ప్రకారం, మన బ్రౌజరు సర్వరు తలుపు తట్టగానే "నేను ఫలానా పేరు వెతుక్కుంటూ వచ్చాను" అని ముందుగా చెప్పి తీరాలి. ఆ పేరును బట్టి సర్వరు ఆయా పేజీని తీసి చూపిస్తుంది. ఒకే వంటింట్లో ఒకే పొయ్యి మీద వండి, ఎవరి విస్తట్లో వారడిగింది వడ్డించినట్టన్నమాట.

దీనికి సాధనాలు కూడా చేతికందే ధరలోనే ఉన్నాయి. వర్డ్‌ప్రెస్ అనేది ఉచితంగా దొరికే సరంజామా. ఒక్కసారి దాన్ని ఎక్కించి, దాని కిందనే అనేక సైట్లు నడిపే వీలు 2010 నుంచీ ఉన్నది. ఒక్కొక్క సైటుకు దాని సొంత పేరు తగిలించటం 2016 నుంచి మరీ తేలికయింది. వెబ్‌సైటు పేరు పక్కన తాళం గుర్తు కావాలంటే ఒకప్పుడు ఏటా డబ్బు కట్టి సర్టిఫికెట్టు కొనాలి. 2015 చివరినుంచి 'లెట్స్ ఎన్‌క్రిప్ట్' వారు దాన్ని ఉచితంగా ఇస్తున్నారు. నాలుగు మాటలు, రెండు బొమ్మలు, ఒక ఫోను నంబరు ఉండే సైటుకు వర్డ్‌ప్రెస్ కూడా అవసరం లేదు. మార్పులేని సాదా పేజీలు రాసి పెడితే చాలు. వాటికి మరమ్మతులుండవు, దొంగలు దూరే కిటికీలూ తక్కువే.

చూశారా? కట్టుబడి ఇంత చవకయినప్పుడు ఆ కంపెనీ వారు పేరుకు మూడువేలు పుచ్చుకుని చేసేదేమిటి? ఒక అచ్చు తీసుకుని, పేరు మార్చి, నలభై సార్లు గుద్దుతారు. పూతరేకుల సైటులోనూ, ఇళ్లస్థలాల సైటులోనూ "నాణ్యతే మా ధ్యేయం" అన్న ఒకే వాక్యం ఉంటుంది. ఇటువంటి డొల్ల సైట్లను గూగుల్ వారు ఏనాడో కనిపెట్టారు. వెతికే మాటా సైటు పేరూ ఒకటే అయినంత మాత్రాన పై వరసలో కూర్చోబెట్టం, లోపల సరుకుండాలి అని 2012 సెప్టెంబరులో పద్ధతి మార్చారు. కుప్పలుగా తయారుచేసిన పనికిమాలిన పేజీలను వెనక్కి నెట్టేందుకు 2024 మార్చిలో నియమాలు మరింత బిగించారు. ఇక ఖాళీ పేర్ల మీద ప్రకటనలు అంటించి చిల్లర ఏరుకునే పద్ధతి ఒకటుండేది. అందుకోసం తాము నడిపిన ఏర్పాటునే గూగుల్ వారు 2012లో ఎత్తేశారు. కాబట్టి నలభై డొల్ల ఇళ్లు కట్టించినా గుమ్మం తొక్కేవారుండరు.

అయితే ఏం చెయ్యాలి? కాయగూరల గంప ముందేసుకున్నట్టు పేర్లన్నీ ముందేసుకుని ఏరాలి.

మొదట ఏరి పారెయ్యవలసినవి పరాయి సొత్తులు. ఆ సినిమా నటుడి పేరు, ఏదైనా కంపెనీని పోలిన పేరు. వీటి మీద సైటు కట్టటమంటే గొడవను పిలిచి పీట వెయ్యటమే. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ వారి సంస్థగా పుట్టిన సత్యం ఇన్ఫోవే వారు 'సిఫీ' అన్న తమ పేరు కోసం 'సిఫీనెట్' వారి మీద సుప్రీంకోర్టుదాకా వెళ్లారు. 2004 మేలో వారికి అనుకూలంగా తీర్పు వచ్చింది. వ్యాపార చిహ్నానికి ఉండే రక్షణ ఇంటర్నెట్టు పేరుకూ వర్తిస్తుందని కోర్టువారు తేల్చారు. అంతర్జాతీయంగా 'డాట్ కామ్' వంటి పేర్ల తగాదాలు తీర్చే పద్ధతి 1999 నుంచే ఉన్నది. అక్కడ ఓడితే పేరు అవతలివారి పరమవుతుంది. మీరు కట్టిన డబ్బంతా గోదాట్లో పోసినట్టే.

రెండోవి జంట పేర్లు. మన తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఎవరి స్పెల్లింగు వారిది. పూతరేకులులో ఒకరు 'హెచ్' పెడతారు, ఇంకొకరు తీసేస్తారు. ఈ నాలుగు పేర్లకూ నాలుగు సైట్లు ఎందుకు? ఒకదానికి ఇల్లు కట్టి, మిగిలిన మూడూ దానికే దారి తీసేటట్టు మళ్లిస్తే సరి. ఈ మళ్లింపును చాలామంది రిజిస్ట్రార్లు అదనపు డబ్బు తీసుకోకుండానే చేసిపెడతారు.

మూడోవి, మీకో మీవాళ్లకో నాలుగు నిజమైన సంగతులు తెలిసిన పేర్లు. కట్టవలసినవి ఇవి మాత్రమే. ఆ పెద్దమనిషి సంగతే తీసుకోండి. కాకినాడలో ఉన్నారు. ఉప్పాడ పక్కనే, ఆత్రేయపురం మరీ దూరం కాదు. పల్చని బియ్యప్పిండిలో ముంచిన గుడ్డను, కింద మంట పెట్టిన బోర్లించిన కుండ మీద ఒక్క విసురున పరిచి లాగితే రేకు ఊడి వస్తుంది. ఆ విసురు నేర్చిన చెయ్యి ఎవరిదో, వారు రోజుకెన్ని చేస్తారో, బెల్లం రేకుకు ఎంత, పంచదార రేకుకు ఎంత, ఎన్నాళ్లు నిలవ ఉంటుందో, హైదరాబాదుకు పంపితే ముక్కలు కాకుండా ఎలా కడతారో వెళ్లి అడిగి రాసుకోవాలి. ఇవన్నీ ఉన్న ఒక్క పేజీ, ఊకదంపుడు పేజీలు వందకు సమానం. తయారుచేసే ఇల్లాలికి బేరం పెరుగుతుంది. పేరు ఇచ్చినందుకు ఈయనకూ నెలకు ఇంత అని ఒప్పుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరు కొన్నంత మాత్రాన ఆ గుర్తింపు మీ సొత్తు కాదు. ఆ ఊరి పేరు పెట్టి వేరే చోట చేసిన సరుకు అమ్మితే చట్టం ఒప్పుకోదు.

నాలుగోవి మిగిలిన తాలు. అమ్మకానికి ఉన్నదని ఒక వాక్యం, మిమ్మల్ని కలుసుకునే దారి రాసి పెట్టండి. గడువులోగా ఎవరూ అడక్కపోతే వదిలేయండి. వదిలేదాన్ని తెలిసి వదలాలి, మరిచిపోయి పోగొట్టుకోకూడదు. 'డాట్ కామ్' పేరుకు గడువు దాటాక రిజిస్ట్రారును బట్టి కొంత వ్యవధి ఉంటుంది. ఆ తరువాత ముప్పై రోజులు అదనపు రుసుముతో విడిపించుకోవచ్చు. అదీ దాటితే అయిదు రోజులాగి పేరును బజార్లో పడేస్తారు.

ఇప్పుడు లెక్క చూడండి. నలభైలో కట్టవలసినవి నాలుగు తేలాయనుకుందాం, మళ్లించవలసినవి అయిదు. తొమ్మిది పేర్లకు ఏటా పదివేలు, నాలుగు సైట్లకూ కలిపి ఒకే హోస్టింగు. ఏడాదికి మిగిలేదే ముప్పై వేలు. ఇంట్లో ఆవిడ మాట సగానికి పైగా నిజమేనని ఈ లెక్కే చెబుతున్నది. మిగిలినదాంట్లో కొంత తీసి, ఆత్రేయపురం వెళ్లి చూసి రాయగల కుర్రవాడికి ఇవ్వండి. సైటు కట్టే చేతికన్నా సంగతి రాసే చేతికి ఎక్కువ ఇచ్చినా తప్పులేదు.

కట్టేవాణ్ని పెట్టుకునేటప్పుడు మాత్రం కాగితం మీద రాయించుకోవలసినవి కొన్ని ఉన్నాయి. పేరు మీ ఖాతాలోనే, మీ ఈమెయిలు మీదనే ఉండాలి. హోస్టింగు బిల్లు మీ పేరనే రావాలి. సైటు నకలు మీ దగ్గర ఒకటుండాలి. రెండో ఏడు ఎంత కట్టాలో ముందే చెప్పాలి, మొదటి ఏడు చవకగా ఇచ్చి మలి ఏడు వడ్డించటం ఈ బజారులో మామూలే. మా వీధిలో బట్టలకొట్టు ఆవిడ తెలిసినవాడని ఒకడికి పని అప్పగించింది. వాడు కొట్టు పేరు తన ఖాతాలో రిజిస్టరు చేసుకున్నాడు. మూడేళ్లకు మాటా మాటా వచ్చేసరికి, పేరు కావాలంటే యాభై వేలు పెట్టమన్నాడు. బిల్లుల మీదా, సంచుల మీదా అచ్చయిన పేరు! ఆవిడ కొత్త పేరు కొనుక్కుని మళ్లీ సంచులు అచ్చు వేయించుకున్నది.

ఇంతా చదివి, మీ దగ్గరా ఓ పాతికో ముప్పయ్యో పేర్లున్నాయనుకుంటే, కంపెనీలకు ఫోను చేసేముందు ఒక పని చెయ్యండి. కాగితం తీసుకుని పేర్లన్నీ ఒకదాని కింద ఒకటి రాయండి. ప్రతి పేరు పక్కనా, ఆ విషయం గురించి మీరు మాత్రమే చెప్పగల సంగతి ఒక్క వాక్యంలో రాయండి. కలం ఎక్కడ ఆగిపోతుందో ఆ పేరు మీది కాదు. వచ్చే ఏడు దానికి డబ్బు కట్టకండి.